తల్లి చుట్టకు బదులు ఓ పెట్టె: బాల్ పైథాన్ గుడ్ల వెనుక శాస్త్రం

గుడ్ల మీద కోడిని పొదగేస్తే 21 రోజులకు పిల్లలు బయటికి వస్తాయని పల్లెల్లో పెరిగిన వారందరికీ తెలుసు. పాము మాత్రం గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుందని చాలామంది అనుకుంటారు. ఎన్నో జాతుల విషయంలో అది నిజమే. కొండచిలువలు అలా కాదు. ఆడ కొండచిలువ గుడ్లన్నిటినీ ఒకచోట చేర్చి, వాటి చుట్టూ చుట్ట చుట్టుకుని, దాదాపు రెండు నెలలు అక్కడే ఉండిపోతుంది.

ఈ తల్లి అంతకాలం అక్కడ చేసే పనేమిటి? ఆ పనిని ఒక ప్లాస్టిక్ పెట్టెతో చేయించగలమా? అమెరికా, ఐరోపా దేశాల్లో వేలాది మంది ఇళ్లలో పెంచుకునే 'బాల్ పైథాన్' ఈ రెండో ప్రశ్నకు 'చేయించవచ్చు' అనే జవాబిచ్చింది. పాముల లైంగిక క్రోమోజోముల గురించి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా నమ్మిన ఒక విషయం తప్పని తేలడంలోనూ ఈ పెట్టెలకు పాత్ర ఉంది. అదే పెట్టె కొన్ని పాములకు తీరని బాధ కూడా తెచ్చింది.

బంతిలా ముడుచుకునే పాము

బాల్ పైథాన్ శాస్త్రీయ నామం పైథాన్ రీజియస్. 1802లో జార్జ్ షా అనే ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త దీనికి ఈ పేరు పెట్టాడు. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో సెనెగల్ నుంచి ఉగాండా వరకు కనిపిస్తుంది. భయం వేస్తే తలను మధ్యలో దాచుకుని బంతిలా ముడుచుకుంటుంది. ఆ అలవాటు వల్లే ఈ పేరు. విషం లేదు. పెద్ద పాము కూడా సాధారణంగా ఒకటి నుంచి ఒకటిన్నర మీటర్ల పొడవే ఉంటుంది. బెనిన్ దేశంలోని విదా పట్టణంలో ఈ పాములకు గుడి ఉంది. అక్కడివారు వీటిని పూజిస్తారు, చంపరు.

ఎలుకల బొరియలు, పాడుబడిన చెదపుట్టలు దీని నివాసాలు. ఘనా, టోగో, బెనిన్ ప్రాంతాల్లో ఎండాకాలం చివర, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య గుడ్లు పెడుతుంది. వానలు మొదలయ్యే రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. అంటే గుడ్లు ఉండేది సంవత్సరంలో నేల బాగా ఎండిపోయి ఉన్న రోజుల్లో. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే, తల్లి పని ఏమిటో అర్థం చేసుకోవడం తేలిక.

వేడి కోసమేనా?

1830ల్లో లమార్-పికో అనే ఫ్రెంచి ప్రకృతి పరిశీలకుడు భారతదేశంలో చూసిన సంగతి ఒకటి పారిస్‌లోని విజ్ఞాన అకాడమీకి చెప్పాడు. ఇక్కడి కొండచిలువ కోడిలాగే తన ఒంటి వేడితో గుడ్లను పొదుగుతుందన్నాడు. పండితులు నమ్మలేదు. పాము శీతల రక్త జీవి, దాని ఒంట్లో ఇవ్వడానికి వేడి ఎక్కడిది? 1841లో పారిస్ మ్యూజియంలోని ఒక కొండచిలువే గుడ్లు పెట్టింది. వాలెన్‌సియెన్ అనే జంతు శాస్త్రవేత్త చుట్టల మధ్య ఉష్ణమాపకం పెట్టి చూశాడు. చుట్టూ ఉన్న గాలి కంటే అక్కడ వేడి ఎక్కువగా ఉంది. లమార్-పికో చెప్పింది నిజమని తేలింది.

ఆ వేడి ఎలా వస్తుందో 1966లో న్యూయార్క్ బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాలలోని బర్మా కొండచిలువ మీద చేసిన కొలతలు చూపించాయి. చలికి మనం వణికినట్టే తల్లి తన కండరాలను లయబద్ధంగా బిగిస్తుంది. ఆ కండరాల పనే వేడిగా మారి గుడ్లకు చేరుతుంది.

బాల్ పైథాన్ మాత్రం ఇలా వణకదు. 1980ల్లో దాని జీవక్రియను కొలిచినప్పుడు, గుడ్లు పొదిగే తల్లి అదనంగా వేడిని పుట్టించడం కనిపించలేదు. వేడి ఇవ్వనప్పుడు రెండు నెలలు తిండీ తిప్పలూ మానుకుని అక్కడ ఎందుకుండాలి?

దీనికి జవాబు టోగోలో దొరికింది. ఫ్రెంచి, ఆస్ట్రేలియా పరిశోధకుల బృందం అక్కడ కొన్ని తల్లుల దగ్గర గుడ్ల సంఖ్యను పెంచి, కొన్నిటి దగ్గర తగ్గించి చూసింది. గుడ్లు ఎక్కువైన చోట తల్లి వాటన్నిటినీ పూర్తిగా కప్పలేకపోయింది. బయటికి కనిపించిన గుడ్లు ఎండిపోయాయి, పిండాలు చనిపోయే అవకాశం పెరిగింది. మరో ప్రయోగంలో తల్లిని కొన్ని గుడ్ల దగ్గర పూర్తికాలం, కొన్నిటి దగ్గర 15 రోజులే ఉంచి, మరికొన్నిటిని తల్లి లేకుండానే పొదిగించారు. అందులోనూ తేల్చింది నీరే. తల్లి చుట్ట పొయ్యి కాదు, మూత. గుడ్లలోని నీరు ఆవిరైపోకుండా అది కాపాడుతుంది.

ఈ గుడ్డు కోడిగుడ్డు లాంటిది కాదు

పాము గుడ్డు పెంకు పింగాణీలా గట్టిగా ఉండదు. తోలులా వంగుతుంది. దాని గుండా నీటి ఆవిరి, గాలి రెండూ సులువుగా అటూ ఇటూ పోగలవు. బయట గాలి పొడిగా ఉంటే గుడ్డు సొట్టలు పడి కుంచించుకుపోతుంది. తడి తగిలితే మళ్లీ కొంత నీటిని పీల్చుకుంటుంది.

రెండో తేడా ఇంకా ముఖ్యం. కోడి తన గుడ్లను రోజూ ముక్కుతో తిప్పుతుంది. కోడిగుడ్డులో పచ్చసొనను రెండువైపులా పట్టి ఉంచే మెలి తిరిగిన తీగల్లాంటి పోగులుంటాయి. అందుకే గుడ్డు ఎటు దొర్లినా పిండం పైకే తేలుతుంది. పాము గుడ్డులో ఆ పోగులు లేవు. గుడ్డు పెట్టిన కొద్ది కాలానికే పిండం పైభాగాన, పెంకు లోపలి పొరకు దగ్గరగా కుదురుకుంటుంది. తర్వాత గుడ్డును తలకిందులు చేస్తే ఆ రక్తనాళాలు తెగవచ్చు, లేదా పచ్చసొన బరువు కింద పిండం నలగవచ్చు. అందుకే పెంపకందార్లు గుడ్లను తీయగానే పైభాగాన పెన్సిల్‌తో గుర్తు పెడతారు. చివరిదాకా ఆ గుర్తు పైనే ఉండాలి. ఒకదానికొకటి అతుక్కున్న గుడ్లను విడదీయడానికి బలవంతం చేయరు.

గుడ్లకు ముందు

ఆడపాము దాదాపు 1,500 గ్రాముల బరువుకు చేరాకే జతకట్టించాలన్నది పెంపకందార్లు పాటించే నియమం. గుడ్లు పెట్టే కాలమంతా తల్లి పెద్దగా తినదు. ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి ఆధారం. బక్కచిక్కిన పాము గుడ్లు పెడితే తేరుకోవడానికి చాలా కాలం పడుతుంది.

రాత్రి వేళ పంజరం వేడిని కొన్ని డిగ్రీలు తగ్గించి, కొన్ని నెలల పాటు మగపామును అప్పుడప్పుడు ఆడపాముతో ఉంచుతారు. అండాలు విడుదలైనప్పుడు ఆడపాము నడుము భాగం ఒక రోజు పాటు ఉబ్బినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత ఒకసారి కుబుసం విడుస్తుంది. ఆ కుబుసం నుంచి దాదాపు నెల రోజులకు గుడ్లు పెడుతుంది. సాధారణంగా ఆరేడు గుడ్లు ఉంటాయి. ఒకటి రెండే పెట్టేవీ ఉన్నాయి, పది దాటేవీ ఉన్నాయి.

మగపాము లేకపోతే గుడ్లు రావని అనుకోవడానికీ లేదు. 2020లో అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతు ప్రదర్శనశాలలో 60 ఏళ్లు దాటిన ఒక బాల్ పైథాన్ ఏడు గుడ్లు పెట్టింది. అంతకు ముందు రెండు దశాబ్దాలుగా దాని దగ్గరికి మగపాము రాలేదు. పాములు వీర్యాన్ని చాలా కాలం దాచుకోగలవు. మగ జీవి ప్రమేయం లేకుండానే పిండం ఏర్పడిన ఉదాహరణలు కూడా ఈ జాతిలో జన్యు పరీక్షల్లో రుజువయ్యాయి.

పెట్టెలోని భౌతికశాస్త్రం

గుడ్లను తల్లి నుంచి వేరు చేసి పెట్టెలో పెట్టినప్పుడు మూడు విషయాలు చూసుకోవాలి: వేడి, తేమ, గాలి.

వేడి 31 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఈ వేడిలో 55 నుంచి 60 రోజులకు పిల్లలు వస్తాయి. వేడి తగ్గితే పిండం ఎదుగుదల నెమ్మదిస్తుంది. కొన్ని డిగ్రీలు పెరిగితే వెన్నెముక వంకరపోవడం, పిండం చనిపోవడం జరగవచ్చు. అంటే ఎక్కువ వేడి తక్కువ వేడి కంటే ప్రమాదం. ఈ పని థర్మోస్టాట్ చేస్తుంది. దాని కొలిచే కొన పెట్టె గోడ దగ్గర కాదు, గుడ్ల పక్కన ఉండాలి.

పెట్టె అడుగున నీటి సీసాలు ఎందుకు పెడతారన్నది చాలామందికి వచ్చే సందేహం. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ చల్లబడితే విడుదలయ్యే వేడి, వంద లీటర్ల గాలి ఒక డిగ్రీ చల్లబడితే విడుదలయ్యే వేడికి దాదాపు 35 రెట్లు. పెట్టె నిండా గాలే ఉంటే మూత తీసిన ప్రతిసారీ వేడి పడిపోతుంది, కరెంటు పోతే త్వరగా చల్లారిపోతుంది. నాలుగు లీటర్ల నీళ్లు ఆ ఒడుదొడుకులను తట్టుకుంటాయి.

తేమ సంగతి ఇంకొంచెం సూక్ష్మం. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 23 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 31 డిగ్రీల దగ్గర అది 32 గ్రాములు. 25 డిగ్రీల దగ్గర పూర్తిగా తడిసిన గాలిని నీరు చేర్చకుండా 31 డిగ్రీలకు వేడి చేస్తే తేమ 100 శాతం నుంచి 72 శాతానికి పడిపోతుంది. గదిలో తేమ చాలానే ఉందని నమ్ముకుని వేడిని మాత్రమే పెంచితే గుడ్లు ఎండిపోవడానికి కారణం ఇదే. దీనికి విరుద్ధంగా 31 డిగ్రీల తడి గాలి 27 డిగ్రీలకు చల్లబడితే ఒక్కో ఘనపు మీటరుకు దాదాపు 6 గ్రాముల నీరు బిందువులుగా మారుతుంది. ఆ బిందువులు మూత మీద నుంచి గుడ్ల మీద పడితే పెంకు రంధ్రాలు నీటితో మూసుకుంటాయి, బూజు పడుతుంది. కాబట్టి వేడి నిలకడగా ఉంటేనే తేమ కూడా నిలకడగా ఉంటుంది.

ఇందుకోసం గుడ్ల కింద వర్మిక్యులైట్ లేదా పర్లైట్ అనే తేలికపాటి ఖనిజ పదార్థాన్ని సమాన బరువు నీటితో కలిపి పరుస్తారు. పిడికిట్లో నొక్కితే ఉండలా నిలవాలి, నీరు మాత్రం కారకూడదు. గుడ్లు నేరుగా తడి తగలకుండా జల్లెడలాంటి ప్లాస్టిక్ పలక మీద పెట్టేవారూ ఉన్నారు.

మూడోది గాలి. పిండం పెరిగే కొద్దీ దానికి ఆక్సిజన్ అవసరమూ పెరుగుతుంది. పూర్తిగా మూసేస్తే నీరు నిలుస్తుంది కానీ ఊపిరి అందదు. ఆస్ట్రేలియాలోని చిల్డ్రన్స్ పైథాన్ అనే చిన్న కొండచిలువలో ఈ చిక్కును తల్లి ఎలా తీరుస్తుందో పరిశోధకులు చూశారు. చుట్ట బిగించి ఉంటే నీరు నిలుస్తుంది, లోపల ఆక్సిజన్ తగ్గుతుంది. అందుకని తల్లి మధ్యమధ్య చుట్ట వదులు చేసి గాలి ఆడనిచ్చి మళ్లీ బిగిస్తుంది. పెంపకందారు వారానికి ఒకటి రెండుసార్లు కొద్దిసేపు మూత తీయడం సరిగ్గా ఈ పనే.

పెంకు చీల్చుకుని

చీకట్లో గుడ్డు కింద చిన్న టార్చి వేసి చూస్తే మొదటి రోజుల్లోనే ఎర్రటి రక్తనాళాలు కనిపిస్తాయి. అవి లేని, పసుపు రంగులో మెత్తగా ఉన్న గుడ్లు చాలావరకు పిల్ల కట్టనివి. చివరి రెండు వారాల్లో మంచి గుడ్లు కూడా కొంత సొట్టపడతాయి. అప్పుడు కంగారుపడి నీరు చల్లకూడదు.

పిల్లకు పై పెదవి దగ్గర ఒక చిన్న పన్ను ఉంటుంది. పెంకును లోపలి నుంచి చీల్చడమే దాని పని, ఆ తర్వాత రాలిపోతుంది. చీలిక నుంచి తల బయటపెట్టిన పిల్ల ఒకటి రెండు రోజులు అలాగే ఉండిపోవచ్చు. అది ఇరుక్కుపోయిందని లాగడం పెద్ద తప్పు. మిగిలిన పచ్చసొనను అది కడుపులోకి తీసుకుంటోంది. ఆ పచ్చసొన బలంతోనే మొదటి కుబుసం దాకా గడుపుతుంది. ఒకటి రెండు వారాల్లో కుబుసం విడిచాకే మొదటి ఆహారం ఇస్తారు. సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండే అవకాశముంది కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

నోటు పుస్తకాల్లో దొరికిన క్రోమోజోములు

బాల్ పైథాన్‌లలో వందల రకాల రంగులు, మచ్చల తీరులు ఉన్నాయి. వీటిని మార్ఫ్‌లు అంటారు. తెల్ల పాములు, పసుపు పాములు, సగం మచ్చలు సగం తెలుపు ఉన్నవి ఇందులో కొన్ని. చాలా వాటికి కారణం ఒక్కో జన్యువులో వచ్చిన మార్పు. ఏ జతకు ఏ రంగు పిల్లలు ఎన్ని వచ్చాయో పెంపకందార్లు రాసి పెట్టుకుంటారు. మెండెల్ బఠానీ మొక్కలతో చేసిన పని ఇదే.

ఈ లెక్కల్లో 'బనానా' అనే పసుపు రకం వింతగా తోచింది. కొన్ని బనానా మగపాములకు పుట్టిన బనానా పిల్లలు దాదాపు అన్నీ మగవే. మరికొన్నిటికి దాదాపు అన్నీ ఆడవే. పాములన్నిటిలో పక్షుల్లాగా ఆడవాటికి జడ్, డబ్ల్యూ అనే రెండు వేర్వేరు క్రోమోజోములు, మగవాటికి రెండు జడ్‌లు ఉంటాయని దశాబ్దాలుగా అనుకున్నారు. అదే నిజమైతే తండ్రి నుంచి కొడుకుకు, కూతురుకు వెళ్లేది ఒకే రకం క్రోమోజోము. రంగుకు, లింగానికి ఇలాంటి ముడి పడదు. మనుషుల్లోలా మగవాటికి ఎక్స్, వై ఉంటే మాత్రం లెక్క సరిపోతుంది. బనానా జన్యువు తండ్రి వై మీద ఉంటే కొడుకులకు, ఎక్స్ మీద ఉంటే కూతుళ్లకు వెళుతుంది. పెంపకందార్ల లెక్కలను విశ్లేషించిన పత్రం 2016లో ఈ వాదాన్ని ముందుకు తెచ్చింది. 2017లో బోవా, బర్మా కొండచిలువల డీఎన్‌ఏ పరిశీలించిన శాస్త్రవేత్తలు వాటిలో ఎక్స్, వై వ్యవస్థే ఉందని నిర్ధారించారు.

అమెరికాలోని ఈస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, విద్యార్థులు పెంపకందార్ల నుంచి కుబుసాలు సేకరించి 2022లో మరో పని చేశారు. మూడు లేత రంగు రకాలకు కారణమైన జన్యువులను గుర్తించారు. మనుషుల్లో పుట్టుకతో చర్మం, జుట్టు తెల్లగా ఉండే ఆల్బినిజానికి కారణమయ్యే జన్యువులు కూడా అవే.

అందం వెనుక బాధ

'స్పైడర్' అనే మార్ఫ్ ఒంటి మీద సాలెగూడు లాంటి సన్నని నల్ల గీతలుంటాయి. చూడటానికి అందంగా ఉంటుంది. కానీ ఈ రకం పాముల తల వణుకుతుంది, మెడ మెలితిరుగుతుంది. కొన్ని ఎరను సూటిగా అందుకోలేవు, వెల్లకిలా పడిపోతాయి. 2022లో జర్మనీ పరిశోధకులు సీటీ స్కాన్‌తో చూసినప్పుడు వాటి లోపలి చెవిలో, శరీర సమతూకాన్ని చూసుకునే అర్ధవృత్తాకార నాళికలు, వాటి పక్కనున్న సంచి వికృతంగా ఏర్పడినట్టు తేలింది. గీతలు, వణుకు కలిసే వస్తాయి. వణుకు లేకుండా గీతలు మాత్రమే కావాలని ఎంత ఎంపిక చేసి జతకట్టించినా ఫలితం లేకపోయింది.

బొరియలో ఇలాంటి పిల్ల పుడితే ఎరను పట్టలేక ఎక్కువ కాలం బతకకపోవచ్చు. పెట్టెలో, చేతికి అందించే తిండితో అది బతుకుతుంది, పిల్లలనూ కంటుంది. గుడ్లను బతికించే బాధ్యత తల్లి నుంచి మనిషి తీసుకున్నప్పుడు, ఎలాంటి పిల్లలు పుట్టాలనే బాధ్యత కూడా అతని మీదే పడింది. థర్మోస్టాట్ ఆ పని చేయలేదు.

ఈ పెంపకం అడవి మీద భారం పూర్తిగా తగ్గించిందని కూడా చెప్పలేం. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం సైటిస్ లెక్కల ప్రకారం 1975 తర్వాత పశ్చిమ ఆఫ్రికా నుంచి 30 లక్షలకు పైగా బాల్ పైథాన్లు ఎగుమతయ్యాయి. వాటిలో చాలా వాటిని 'పెంపకం' పేరుతో పంపినా, అడవిలో గుడ్లతో ఉన్న ఆడపాములనో, గుడ్లనో తెచ్చి పొదిగించినవే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఇప్పుడీ జాతిని 'ముప్పు అంచున ఉన్న' జాబితాలో చేర్చింది.

మన దేశంలో

బాల్ పైథాన్ మన దేశపు పాము కాదు. అయినా చెన్నై వంటి విమానాశ్రయాల్లో ప్రయాణికుల సంచుల్లో ఇవి పలుమార్లు పట్టుబడ్డాయి. 2022లో సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సైటిస్ జాబితాలోని ఇలాంటి జీవులు ఎవరి దగ్గరున్నా నమోదు చేయించాలి. ఇందుకోసం 2024లో నియమాలు వచ్చాయి. పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు జరుగుతుంది. పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చనిపోయినా తెలియజేయాలి. పత్రాలు లేకుండా అమ్మే పామును కొన్నవారు మొదటి గుడ్డుకు ముందే చట్టం ముందు దోషులవుతారు.

మన కొండచిలువ సంగతి ఇంకా స్పష్టం. అది మొదటి షెడ్యూలులోని జీవి. దాన్ని గానీ, దాని గుడ్లను గానీ ఇంటికి తెచ్చుకోవడం నేరం. పొలం గట్టునో, కాలువ గండిలోనో గుడ్ల మీద చుట్టుకున్న కొండచిలువ కనిపిస్తే దూరంగా ఉండి అటవీ శాఖకు చెప్పాలి. తల్లిని తరిమేస్తే గుడ్లకు వేడీ పోతుంది, తేమా పోతుంది.

2022లో కేరళలోని కాసరగోడ్ దగ్గర జాతీయ రహదారి పనుల్లో ఇదే జరిగింది. కల్వర్టు కట్టే చోట బొరియలో ఒక కొండచిలువ 24 గుడ్ల మీద చుట్టుకుని కనిపించింది. అటవీ అధికారులతో మాట్లాడి నిర్మాణ సంస్థ అక్కడ 54 రోజులు పని ఆపింది. పిల్లలు పెంకు చీల్చే వేళకు మాత్రమే గుడ్లను బయటికి తీసి, ఒక పాముల సంరక్షకుడి ఇంట్లో ఉంచారు. బయటికి వచ్చిన పిల్లలను అడవిలో వదిలారు.

ఆ 54 రోజులూ అక్కడ థర్మోస్టాట్ లేదు, వర్మిక్యులైట్ లేదు. వేడి, తేమ, గాలి మూడింటినీ తల్లే చూసుకుంది. మనుషులు చేసిన సాయం, ఆ తల్లిని కదిలించకపోవడం.